పాత లాప్‌టాప్‌లో ఏది వేయాలి: విండోస్ 7, విండోస్ 10, లినక్స్ మింట్

విజయవాడ గవర్నర్‌పేటలో ఏ కంప్యూటర్ సర్వీస్ షాపులో కాసేపు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది: "తమ్ముడూ, ఇది బాగా స్లో అయిపోయింది. ఈ టెన్ తీసేసి పాత సెవెన్ వేసెయ్." వాళ్లు తెచ్చే లాప్‌టాప్‌లు కూడా దాదాపు ఒకే రకం. 2013 నుంచి 2016 మధ్య కొన్న డెల్, హెచ్‌పీ, లెనోవో. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. చాలావరకు డాస్‌తో, అంటే విండోస్ లేకుండా వచ్చినవే. కొన్న రోజే షాపులో సెవెన్ వేయించుకున్నారు, తర్వాత ఎప్పుడో టెన్ ఎక్కించారు. సెవెన్ ఉన్నప్పుడు చకచకా నడిచిందన్న జ్ఞాపకం కూడా నిజమే. కాబట్టి అడగడంలో తప్పేం లేదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇంటర్నెట్‌కి కలిపే మెషిన్‌లో సెవెన్ వేయించుకోకండి. నెట్‌తో సంబంధం లేని పనికి, పాత సాఫ్ట్‌వేర్ కోసమే ఉంచుకున్న మెషిన్‌లో అయితే సెవెన్ ఇప్పటికీ మంచి ఎంపికే. మిగతా వాళ్లు ముందు హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించి, తర్వాత పనిని బట్టి మింటో (విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత లినక్స్) టెన్నో ఎంచుకోవాలి. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను.

స్లో అవుతున్నది ఏమిటో ముందు చూడండి

ఓఎస్ (విండోస్, మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) మార్చే ముందు ఒక్క పని చేయండి. లాప్‌టాప్ ఆన్ చేసి, డెస్క్‌టాప్ వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెలా వస్తే కింద ఉన్న మోర్ డీటెయిల్స్ నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని నిలువు వరుసలు కనిపిస్తాయి. నేను చెప్పిన రకం లాప్‌టాప్‌లలో సీపీయూ పది పదిహేను శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. మెమరీ సగం దాటి ఉంటుంది. డిస్క్ వరుస మాత్రం ముదురు రంగుకి తిరిగి 100 శాతం దగ్గర అతుక్కుపోతుంది, నిమిషాలు గడిచినా దిగదు. క్రోమ్ తెరిస్తే తెల్ల కిటికీ వచ్చి, చుట్టూ తిరిగే గుండ్రం అలాగే ఉండిపోయేది అందుకే.

ఆ హార్డ్‌డిస్క్ లోపల నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది, దాని మీద అటూ ఇటూ కదిలే ముల్లు ఉంటుంది. చిన్న చిన్న ఫైళ్లు వేర్వేరు చోట్ల నుంచి చదవాల్సి వస్తే సెకనుకు వంద చదివేసరికే దాని పని అయిపోతుంది. విండోస్ 10 వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, దాని సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ చేస్తుంది, ఫైళ్ల పేర్ల సూచిక తయారుచేసుకుంటుంది. ఇవన్నీ చిన్న ఫైళ్ల పనులే. సెవెన్‌లో ఈ గొడవ తక్కువ కాబట్టి అదే డిస్క్ మీద తేలిగ్గా నడిచినట్టు అనిపించేది. ఎస్‌ఎస్‌డీకి తిరిగే భాగమే లేదు. అదే పనిని సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది.

అందుకే నేనైతే ముందు డబ్బు పెట్టేది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ మీద. 240 లేదా 256 జీబీ చాలు. పాత డిస్క్ తీసిన చోటే సరిగ్గా కూర్చుంటుంది. రెండో ఖర్చు ర్యామ్. 4 జీబీని 8 చేస్తే ఆ లాప్‌టాప్‌కి ఇంకొన్నేళ్ల ఆయుష్షు వచ్చినట్టే. కొనేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇంటెల్ నాలుగు, ఐదు తరాల (ప్రాసెసర్ పేరు ఐ3-4005యూ అయితే ఆ 4 అంటే నాలుగో తరం) లాప్‌టాప్‌లకు కావాల్సింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్. మామూలు డీడీఆర్3 పెడితే చాలా మెషిన్లు అసలు ఆన్ కావు. మీ దాంట్లో ఉన్న ర్యామ్ ముక్క తీసి దాని లేబుల్ షాపులో చూపిస్తే ఆ టెన్షన్ ఉండదు.

బెజవాడలో ఉండేవాళ్లు పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది, వేడి. మే నెలలో మధ్యాహ్నం గదిలోనే ఉక్క పోస్తుంటే, ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయిన లాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఏ ఓఎస్ వేసినా ఒకటే. ఎస్‌ఎస్‌డీ కోసం ఎలాగూ విప్పుతారు కదా, అదే చేత్తో ఫ్యాన్ శుభ్రం చేయించి కొత్త పేస్ట్ పెట్టించండి.

విండోస్ 7

2009 అక్టోబరులో వచ్చింది. మైక్రోసాఫ్ట్ దీనికి భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం 2020 జనవరి 14న ఆపేసింది. కంపెనీలకు డబ్బు తీసుకుని ఇచ్చిన అదనపు గడువు కూడా 2023 జనవరితో అయిపోయింది. దీని గుణాలు నాకు తెలియనివి కావు. తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, పాత ప్రింటర్లనూ స్కానర్లనూ పేచీ లేకుండా గుర్తుపడుతుంది, పని మధ్యలో అప్‌డేట్ అంటూ అడ్డు రాదు. ఇన్ని ఉన్నా నెట్ వాడకానికి వద్దంటున్నానంటే కారణాలున్నాయి.

మొదటిది బ్రౌజర్. క్రోమ్ 109 వెర్షన్‌తోనే సెవెన్‌కి ఆఖరు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. ఫైర్‌ఫాక్స్ కూడా 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్) దగ్గర సెవెన్‌ని వదిలేసింది. బ్యాంకు సైట్లు, ప్రభుత్వ పోర్టళ్లు కొత్త బ్రౌజర్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. ఇవాళ తెరుచుకున్న సైటు వచ్చే నెల బటన్లు పనిచేయకుండా మొరాయించవచ్చు. పిల్లవాడి కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున ఆ సంగతి తెలిస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడాలి.

రెండోది, దీనికన్నా పెద్దది, భద్రత. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వే. దానికి మందు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది, అప్‌డేట్ వేసుకోనివాళ్లు బలయ్యారు. అప్పుడు కనీసం మందు ఉంది. ఇప్పుడు సెవెన్‌లో కొత్త లోపం బయటపడితే మందు ఇచ్చేవాళ్లే లేరు. "మంచి యాంటీవైరస్ వేస్తాంలే" అంటారు. గోడకి కన్నం ఉండగా గుమ్మం దగ్గర కాపలా పెట్టినట్టే అది. నెట్ బ్యాంకింగ్, ఆధార్ జిరాక్సులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఆ ఒక్క మెషిన్‌లోనే పెట్టుకునే ఇళ్లు మనవి. అలాంటి చోట సెవెన్ వేయమని నేను ఎవరికీ చెప్పలేను.

మూడోది, అసలు ఎక్కించడమే కష్టం కావచ్చు. సెవెన్ ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు (ఆ పోర్టుని నడిపే సాఫ్ట్‌వేర్) లేవు. ఇంటెల్ ఆరో తరం నుంచి లాప్‌టాప్‌లలో పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు. అలాంటి దాంట్లో పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే భాష ఎంచుకునే తెర దాకా వస్తుంది, ఆ తర్వాత యూఎస్‌బీ మౌస్ కదలదు. లేదా సీడీ/డీవీడీ డ్రైవర్ మిస్సింగ్ అనే సందేశం వచ్చి ఆగిపోతుంది. డీవీడీ చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ మారుస్తుంటారు. లోపం డీవీడీది కాదు. ఏడో తరం నుంచైతే మైక్రోసాఫ్ట్ సెవెన్‌ని సపోర్ట్ చేయనే లేదు. ఐదో తరం దాకా, బయోస్‌లో (ఓఎస్ మొదలయ్యే ముందు తెరుచుకునే మెషిన్ సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ లేదా సీఎస్‌ఎం ఆన్ చేస్తే సులువుగా ఎక్కుతుంది.

ఇంకో మాట. మైక్రోసాఫ్ట్ సైటులో సెవెన్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఇప్పుడు దొరకదు. చేతులు మారుతున్న "ఫుల్ యాక్టివేటెడ్" పెన్‌డ్రైవుల్లో ఎవరు ఏం కలిపారో మనకు తెలియదు. మీ లాప్‌టాప్‌తో వచ్చిన అసలు డీవీడీ, అడుగున అంటించిన ప్రాడక్ట్ కీ స్టిక్కర్ ఉంటే వాటితోనే వేయించండి.

విండోస్ 8.1 వేద్దామా అని కొందరు అడుగుతారు. దానికీ 2023 జనవరి 10తో గడువు తీరింది. సెవెన్‌కున్న ఇబ్బందులన్నీ దీనికీ ఉన్నాయి, సెవెన్‌కున్న సౌకర్యం మాత్రం లేదు. వదిలేయండి.

సెవెన్ ఎవరికి కావాలంటే

విజయవాడ, గుంటూరుల్లో ఇది నిజంగా అవసరమైన వాళ్లున్నారు. డీటీపీ సెంటర్లు. 2001లో వచ్చిన, పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, దానితో తెలుగుకి అను ఫాంట్లు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, దేవస్థానం రసీదు పుస్తకాలు ఇప్పటికీ ఆ జోడీతో చేసేవాళ్లు ఎంతోమంది. పదిహేను ఇరవై ఏళ్ల ఫైళ్లు వాళ్ల దగ్గరున్నాయి. పోయినసారి పెద్దమ్మాయి శుభలేఖ వేయించుకున్న కుటుంబం చిన్నమ్మాయి పెళ్లికి వచ్చి "అదే మోడల్ వేయండి బాబాయ్" అంటే, ఆ పాత ఫైలు అక్షరం చెదరకుండా తెరుచుకోవాలి. టెన్‌లో పేజ్‌మేకర్ కొందరికి నడుస్తుంది, కొందరికి ప్రింట్ దగ్గర మొండికేస్తుంది. గిరాకీ ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు ఆ అనుమానంతో పని చేయలేం.

వాళ్లకు నా సలహా: పాత లాప్‌టాప్‌లో 32 బిట్ విండోస్ 7 వేసి, ఎస్‌ఎస్‌డీ పెట్టి, వైఫై పూర్తిగా ఆపేయండి. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి వైఫై కార్డుని డిసేబుల్ చేస్తే పొరపాటున కూడా కలవదు. 32 బిట్ ఎందుకంటే పాత స్కానర్ల, ప్రింటర్ల డ్రైవర్లు దానికే ఎక్కువ దొరుకుతాయి. 4 జీబీలో మూడున్నర దాకానే వాడుకోగలదు గానీ పేజ్‌మేకర్‌కి అది ఎక్కువే. వాట్సాప్‌లో వచ్చే మేటర్, ఫొటోలు వేరే కంప్యూటర్లో దించుకుని, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో ఇటు తెచ్చుకోవాలి. కాస్త శ్రమే. కానీ పదిహేనేళ్ల పని ఒక్క రాత్రిలో తాళం పడిపోయే ప్రమాదం కన్నా ఈ శ్రమ నయం.

8 జీబీ ర్యామ్, కాస్త గట్టి ప్రాసెసర్ ఉంటే ఇంకో దారి ఉంది. కొత్త ఓఎస్ మీద వర్చువల్‌బాక్స్ పెట్టి, దాని లోపల సెవెన్ నడుపుకోవచ్చు. లోపలి సెవెన్‌కి నెట్ కనెక్షన్ తీసేయాలి. పేజ్‌మేకర్ పని లోపల, మెయిల్, వాట్సాప్ బయట. ఒకే లాప్‌టాప్‌తో రెండూ జరగాలనుకునే వాళ్లకు ఇది బాగుంటుంది. 4 జీబీతో మాత్రం ప్రయత్నించకండి, రెండూ ఈడుస్తాయి.

విండోస్ 10

2015 జులైలో వచ్చింది. మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయితే ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే దారి పెట్టారు. విండోస్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సెట్టింగ్స్‌ని ఆ ఖాతాకి సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని అడిగే లింకు కనిపిస్తుంది.

దీన్ని ఎవరు ఉంచుకోవాలంటే, విండోస్ లేకపోతే పని ఆగిపోయేవాళ్లు. గుంటూరు మిర్చి యార్డులో అడ్తి దుకాణం గుమస్తానే తీసుకోండి. ట్యాలీలో లెక్కలు, తక్‌పట్టీలు (రైతుకి ఇచ్చే లెక్క చీటీలు) కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, జీఎస్టీ రిటర్నులకు ఆడిటర్ ఇచ్చిన డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. ట్యాలీప్రైమ్ లినక్స్‌కి లేదు. సీజన్ మధ్యలో, బస్తాలు దిగుతుండగా, కొత్త ఓఎస్ నేర్చుకోమనడం న్యాయం కాదు. ఆ దుకాణంలో ఎస్‌ఎస్‌డీ వేసి, టెన్‌ని శుభ్రంగా మళ్లీ ఎక్కించి, అదనపు అప్‌డేట్లలో చేర్చండి. అది తీరేలోపు, సీజన్ లేని నెలల్లో, ఆఫీసు పనికి కొత్త మెషిన్ కొనమని యజమానికి ఇప్పుడే చెప్పి ఉంచండి. డబ్బు వ్యవహారం నడిచే కంప్యూటర్‌కి గడువు పొడిగించుకుంటూ పోవడం మంచిది కాదు.

లైసెన్స్ సంగతి చాలామందికి తెలియదు. ఆ లాప్‌టాప్‌లో ఇంతకుముందు అసలైన టెన్ యాక్టివేట్ అయి ఉంటే, ఎస్‌ఎస్‌డీ మార్చి మళ్లీ వేసినా కీ అడిగినప్పుడు దాటేసి, నెట్‌కి కలపగానే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. సెవెన్ కీతో టెన్ యాక్టివేట్ చేసుకునే దారిని మాత్రం మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. టెన్ ఐఎస్‌ఓ మైక్రోసాఫ్ట్ సైటులోనే ఉచితంగా దొరుకుతుంది. ఎవరి పెన్‌డ్రైవూ అడగక్కర్లేదు.

లెవెన్ గురించి రెండు ముక్కలు. అధికారికంగా దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ తనిఖీలు దాటించి వేయొచ్చు, షాపుల్లో వేస్తున్నారు కూడా. అలా వేసిన దానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ని మళ్లీ చేత్తోనే ఎక్కించుకోవాలి. కోర్ 2 డ్యుయో లాంటి పాతవాటిలో లెవెన్ 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు. 4 జీబీ మెషిన్‌కి అది బరువు. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఆరు, ఏడు తరాల వాళ్లు, ఇంట్లో చూసుకునే మనిషి ఉంటేనే ఆలోచించండి.

లినక్స్ మింట్

చదువుకునే పిల్లలకి, యూట్యూబ్, మెయిల్, వాట్సాప్ వెబ్, ఉత్తరాలు టైపు చేసుకోవడం వరకే పని ఉన్న పెద్దవాళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇదే. డబ్బు కట్టక్కర్లేదు, దొంగ కీల గొడవ లేదు. 2024లో వచ్చిన మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మూడు రకాల్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేది తేలిక, 4 జీబీ మెషిన్లకు అదే తీసుకోండి. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు గడియారం. సెవెన్‌కి అలవాటు పడిన కంటికి కొత్తగా ఏమీ అనిపించదు.

తెలుగు విషయంలో చాలామంది సందేహిస్తారు, అక్కర్లేదు. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ సెట్టింగ్స్‌లోనే ఉంది. ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానితో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది), ఆపిల్ లేఅవుట్లు కూడా వస్తాయి. పత్రికల్లో పనిచేసి ఆపిల్ కీబోర్డుకి వేళ్లు అలవాటైన వాళ్లు కూడా ఇబ్బంది లేకుండా యూనికోడ్‌లో కొట్టుకోవచ్చు. అను ఫైళ్ల పని మాత్రం ఇక్కడ కుదరదు, అది పైన చెప్పిన సెవెన్ మెషిన్‌దే.

కష్టాలు కూడా చెప్పాలి. ప్రింటర్ ఏదో ముందు చూసుకోండి. హెచ్‌పీవి చాలావరకు పెట్టగానే పనిచేస్తాయి. మన ఊళ్లో ప్రతి జిరాక్స్ షాపులో కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900కి మాత్రం లినక్స్‌లో డ్రైవర్‌తో కుస్తీ పట్టాలి. ఇంట్లో అదే ఉంటే ఈ ఎంపిక గురించి మరోసారి ఆలోచించండి. కొన్ని పాత లాప్‌టాప్‌లలో ఉండే బ్రాడ్‌కామ్ వైఫై చిప్ మొదట కనిపించదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే వెతికి పెడుతుంది. ఇంకొకటి, లినక్స్ వేసినంత మాత్రాన క్రోమ్ తినే ర్యామ్ తగ్గదు. ఇరవై ట్యాబులు తెరిస్తే 4 జీబీ ఎక్కడైనా చాలదు.

మింట్‌లో నాకు బాగా నచ్చేది వేసుకోకుండానే చూసే వీలు. ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేస్తే డెస్క్‌టాప్ మొత్తం వచ్చేస్తుంది, మీ డిస్క్‌ని ముట్టుకోదు. ఆ స్థితిలోనే వైఫై కలిసిందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మీ ప్రింటర్ నుంచి ఒక కాగితం బయటికి వస్తోందా చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

గూగుల్ ఇచ్చే ఓఎస్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉచితమే, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. అంతా బ్రౌజర్లోనే చేసుకునేవాళ్లకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో రావు. నెట్ సరిగా లేని ఇంటికి అది పనికిరాదు, మింట్ మేలు.

2 జీబీ ర్యామ్‌తో, 32 బిట్ ప్రాసెసర్‌తో ఉన్న చిన్న నెట్‌బుక్‌లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటికి మింట్ ఎక్కదు. ఆంటిఎక్స్ అనే తేలికపాటి లినక్స్ ఉంది గానీ, ఇవాళ్టి వెబ్‌సైట్లు ఆ ప్రాసెసర్‌కి భారం. వాటి మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

షాపుకి వెళ్లే ముందు

"ఫార్మాట్ కొట్టేయండి" అని లాప్‌టాప్ ఇచ్చి వచ్చేయకండి. సి డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో ఏమున్నాయో మీకే తెలుస్తుంది, షాపు కుర్రాడికి తెలియదు. ట్యాలీ డేటా ఫోల్డర్ ఎక్కడుందో ఆడిటర్‌ని అడిగి రాసుకోండి. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు గూగుల్ ఖాతాకి సింక్ అయ్యాయో లేదో చూడండి. పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు వాటిలో అతికించిన బొమ్మల ఫోల్డర్లు కూడా తీసుకోవాలి, లేకపోతే ఫైలు తెరిచినప్పుడు బొమ్మల చోట ఖాళీ గడులే మిగులుతాయి.

ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే పాత హార్డ్‌డిస్క్‌ని అక్కడే వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. దాన్ని పెట్టడానికి యూఎస్‌బీ కేస్ విడిగా దొరుకుతుంది. డీవీడీ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ అయితే, దాన్ని తీసి ఆ చోట క్యాడీ (డిస్క్ కూర్చునే చట్రం) పెట్టి పాత డిస్క్‌ని అందులోనే ఉంచొచ్చు. క్యాడీ 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో వస్తుంది, ముందు మీ డ్రైవ్ మందం కొలిచి వెళ్లండి. ఆ డిస్క్‌ని నెలా రెండు నెలలు ముట్టుకోకండి. ఏదో ఒక రోజు ఏదో ఒక ఫైలు గుర్తొస్తుంది. అది దొరికాక, ఇంక వెతకాల్సింది ఏమీ లేదని తేలాక తుడవండి.